తేజాబూ సౌడూ కలిసిన సీసా

నాకు నవ్వు ఆపుకోవడం చేతకాదు. ఆదివారం చర్చిలో అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే నేను కిసుక్కుమనేదాన్ని. మా అమ్మ కళ్లు తెరవకుండానే నా తొడ గిల్లేది, ఒక్కసారి కూడా గురి తప్పేది కాదు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, రసాయన శాస్త్రం కూడా నేను నవ్వుతూనే నేర్చుకున్నాను. చదువుకునే పద్ధతి అది కాదని చాలామంది చెప్పారు. నాకు తెలిసిన పద్ధతి మాత్రం అదొక్కటే.

వరంగల్‌లో మా మిషన్ ఆడపిల్లల బడిలో పై తరగతికి వచ్చిన ప్రతి పిల్లా లేసు అల్లిక నేర్చుకోవాలి. పెద్ద హాల్లో వరసగా కుర్చీలు, తెల్ల దారం ఉండలు, కొక్కెం సూదులు. గట్టిగా ఊపిరి తీసినా దారం మాసిపోతుందేమో అన్నట్టు అందరూ బిగుసుకుని కూర్చునేవారు. నాకు అరచేతులు ఊరికే చెమర్చేవి. నేను అల్లిన మొదటి పువ్వును మా లేసు టీచరు కిటికీ దగ్గరికి పట్టుకుపోయి వెలుతురులో అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"ఏంది బిడ్డా గిది? ఎలుక గిన కొరికిందా?" అంది.

నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు.

ఆ ఏడాదే గుంటూరు వైపు నుంచి కొత్త టీచరు వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉండేది. చీర కొంగు ఎప్పుడూ నడుముకు దోపుకుని, ఏదో పని మీద పరిగెడుతున్నట్టే నడిచేది. మద్రాసులో సైన్సు చదువుకుందట. ఆడపిల్లలకు రసాయన శాస్త్రం చెబుతానని మిస్సమ్మగారిని అడిగింది. మిస్సమ్మగారంటే మా బడికి పెద్ద, దొరసాని. చాలా ఏళ్ల కింద ఓడ దిగి వచ్చి, తెలుగు పుస్తకాలు చదివి తెలుగు నేర్చుకున్న మనిషి. అందుకే ఆమె నోరు తెరిస్తే పుస్తకం తెరిచినట్టే ఉండేది.

"ఒక సంవత్సరము చూచెదము. సరిపడనియెడల ఆ బాలికలు మరల లేసు అల్లవలెను" అంది.

చెయ్యెత్తిన వాళ్లం అయిదుగురం. అందరికంటే ముందు లేచింది నా చెయ్యే. నాకు అప్పటికి రసాయన శాస్త్రం అంటే ఏమిటో తెలియదు. అందులో కొక్కెం సూది ఉండదని మాత్రం తెలుసు.

మాకిచ్చిన గది వంటింటి వెనక కట్టెల గది. కట్టెలు తీసి బయట పేర్చి, గోడలకు సున్నం కొట్టి, ఒక బల్ల వేశారు. సామాను చూడబోతే ఒక స్పిరిటు దీపం, ఒక గాజు గరాటు, మూతి పగిలిన గొట్టాలు కొన్ని. యుద్ధం నడుస్తోంది. మద్రాసు నుంచి రావలసిన తేజాబులు, అంటే ఆమ్లాలు, రాలేదు, ఆ తేజాబులను కనిపెట్టే రంగు కాగితాలూ రాలేదు. టీచరు ఆ ఖాళీ బల్ల ముందు నిలబడి చేతులు రుద్దుకుంది.

"ఏం ఫరవాలేదమ్మా. ఆమ్లాలూ క్షారాలూ మన ఇళ్లల్లో బోలెడున్నాయి. తలా ఒకటి పట్టుకురండి" అంది.

మా ఇంట్లో నిజంగానే ఉన్నాయి. మా నాయిన కాజీపేట రైల్వే షెడ్డులో పని చేసేవాడు. రైలు డబ్బాల్లో దీపాలు వెలిగే బ్యాటరీలకు తేజాబు పోయడం ఆయన పని. ఆయన లాగులన్నీ జల్లెడలే. మా అమ్మ వాటికి మాసికలు వేసీ వేసీ, చివరికి ఏది లాగో ఏది మాసికో తెలియని స్థితికి తెచ్చింది. తేజాబు చుక్క పడిందని ఆయన అనడమే ఆలస్యం, అమ్మ బట్టలుతికే సౌడు నీళ్లు తెచ్చి దాని మీద గుమ్మరించేది. బుసబుసమని నురగ వచ్చేది. "జర నిమ్మళంగ పని జేయరాదా" అని అమ్మ, "నిమ్మళంగ పోస్తే బండ్లు చీకట్లనే పోతయి" అని నాయిన. రోజూ చూసే ఈ సంబరానికి పుస్తకాల్లో ఒక పేరుందని నాకు ఆ ఏడాదే తెలిసింది.

నేను అడిగితే నాయిన వాళ్ల ఫోర్‌మన్ సాబును అడిగాడు. ఆయన నవ్వి, జాడీ అడుగున మిగిలింది పట్టుకుపొమ్మన్నాడట. నాయిన దాన్ని ఒక సీసాలో పోసి, ఆ సీసాను ఇసుక నింపిన డబ్బాలో నిలబెట్టి నా చేతికిచ్చాడు. "ఒళ్లె పెట్టుకోకు, కింద పెట్టు. నవ్వకు" అన్నాడు.

రోజూ పొద్దున కాజీపేట నుంచి పాసింజరు ఎక్కి వరంగల్‌లో దిగేదాన్ని. ఆ రోజు ఆడవాళ్ల డబ్బాలో కూర్చోవడానికి చోటు లేదు. నెక్కొండ పోయే ఒక పెద్దమ్మ మాత్రం తన మూటను కాస్త జరిపి, నా డబ్బా వైపు ఆశగా చూసింది.

"ఏం బిడ్డా, నెయ్యా?"

"కాదు పెద్దమ్మా, తేజాబు."

"తేజాబా!" అని ఆమె లేచింది. ఆమె లేచిందని పక్కామె లేచింది. ఎందుకు లేస్తున్నారో తెలియకుండానే ఆ బల్ల మీద వాళ్లంతా లేచి తలుపు దగ్గరికి పోయారు. నవ్వకు అన్న నాయిన మాట గుర్తుంది. నేను పెదవి కొరుక్కుంటూ, ఆ బల్ల మీద మహారాణిలా ఒక్కదాన్నే వరంగల్ దాకా వచ్చాను.

సౌడు తెచ్చింది మాలో ఇంకొకమ్మాయి. వాళ్లది మడికొండ దగ్గర పల్లె. వాళ్లకొక చౌటి చెలక ఉండేది. జొన్న వేసినా మొలవదు, గడ్డి కూడా సరిగా రాదు. ఎండాకాలం దాని మీద తెల్లగా సౌడు పొక్కు కట్టేది. "మా నాయిన దాన్ని తిట్టని దినం లేదు. నేను గోనెసంచి పట్కొని పోతే, అంతా ఎత్కపో బిడ్డా అన్నడు" అని చెప్పి ఆ పిల్ల సంచి బల్ల మీద దబ్బున పడేసింది. సౌడును నీళ్లలో కలిపి, గుడ్డలో వడగట్టి, బొగ్గుపొడి వేసి మరిగించి, మళ్లీ వడగడితే కల్లులాంటి నీళ్లు కాస్తా తేటబడ్డాయి.

ఇక ఒకదాంట్లో ఒకటి పోయడమే మిగిలింది. టీచరు చుక్కచుక్కగా పోయమంది. నేను చుక్కచుక్కగానే మొదలుపెట్టాను, ఒట్టు. కానీ ప్రతి చుక్కకూ బుస్సుమని నురగ లేస్తుంటే చెయ్యి ఆగలేదు. "పొంగుతాంది, పొంగుతాంది! అవ్వో, ఆపే!" అని మడికొండ పిల్ల కేకలు. నురగ గిన్నె దాటి, బల్ల దాటి, నేల మీదికి దిగి తలుపు వైపు నడిచింది. అయిదుగురం బల్ల తడవని కొసకు ఎక్కి కూర్చున్నాం. టీచరు కూడా బల్ల ఎక్కింది. అక్కడి నుంచే పాఠం చెప్పింది.

"చూశారా? ఇది ముట్టుకుంటే కాలుస్తుంది, అదీ ముట్టుకుంటే కాలుస్తుంది. రెండూ కలిసి పోట్లాడుకుంటాయి. పోట్లాట అయిపోయాక మిగిలేది నెమ్మదైన పదార్థం. దాన్నే లవణం అంటాం."

పోట్లాట అయిపోయిందని తెలిసేదెలా? రంగు కాగితాలు లేవు కదా. దానికి టీచరు పసుపు గుడ్డ కనిపెట్టింది. తెల్లగుడ్డను పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టి పీలికలు చించుకున్నాం. సౌడు తగిలితే పీలిక ఎర్రబడుతుంది, తేజాబు తగిలితే మళ్లీ పసుపైపోతుంది. ఆ పీలికలు చేతికొచ్చాక మాకు పిచ్చి పట్టింది. బడిలో ముట్టని వస్తువు లేదు. మిస్సమ్మగారి సీమ సబ్బు ఎర్రన. గోడ సున్నం ఎర్రన. వంటామె చింతపులుసు పసుపు. లేసు టీచరు చెంబులో నీళ్లు పసుపు. నా నాలుక కూడా పసుపే. ఒకరి నాలుక ఒకరం చూసుకుని పడీపడీ నవ్వాం.

ఆ పిచ్చిలోనే పళ్లెంలో పసుపు నీళ్లు పోసి సున్నం కలిపాం. చిక్కటి ఎరుపు. ఇళ్లల్లో పిల్లలకు దిష్టి తీసే ఎర్రనీళ్లు అవే కదా. మాకు మాత్రం ఆ క్షణంలో అది క్షారం తప్ప ఇంకేమీ కాదు. పని అయ్యాక ఆ పళ్లెం పారబోయడానికి నేనూ మడికొండ పిల్లా ఎత్తుకుని బయటికొచ్చాం. తొణకకుండా ఉండాలని ఇద్దరం చెరో పక్క పట్టుకుని మెల్లగా, గంభీరంగా నడిచాం. సరిగ్గా వంటింటి గుమ్మం ముందు పారబోశాం. గుమ్మంలో వంటామె నిలబడి ఉంది.

ఆమె చేతిలో గరిటె జారిపడింది. "మిస్సమ్మా! మిస్సమ్మా! పొల్లలు ఎర్రనీళ్లు దిప్పి నా కడప ముంగట పోసిండ్రు! లోపట ఏమో జేస్తాండ్రు, పొగలొస్తానయి, నురుగొస్తాంది!" అంటూ పరిగెత్తింది.

మిస్సమ్మగారు వచ్చింది. వెనక లేసు టీచరు వచ్చింది. ఆమె వెనక లేసు తరగతి మొత్తం సూదులతో సహా వచ్చింది. ఇది మంత్రం కాదని చూపిద్దామని నేను పళ్లెంలో మిగిలిన ఎర్రనీళ్లలో నిమ్మకాయ పిండాను. ఎరుపు పోయి పసుపు తేలింది. మా టీచరు చప్పట్లు కొట్టబోయి ఆగిపోయింది. వంటామె గోడకు ఆనుకుపోయి, "నిమ్మకాయ గూడ తెచ్చిండ్రు!" అంది. నాకు నవ్వొచ్చింది. నవ్వాను. అది అస్సలు నవ్వవలసిన సమయం కాదు.

మిస్సమ్మగారు నా వైపు చూసి, "ఈ విషయమందు నేను తీర్పు చెప్పను. పాఠశాలల ఇన్‌స్పెక్టరమ్మగారు వచ్చి చూచి చెప్పవలెను. ఆమె వద్దనినయెడల ఈ గది తిరిగి కట్టెల గది యగును, మీరు హాలునకు వెళ్లవలెను" అంది.

 ఆ రాత్రి నాకు మొదటిసారి భయమేసింది. లేసు అంటే భయం కాదు, ఆ గది పోతుందని భయం. అక్కడ ఏ వస్తువును ఏ వస్తువుతో కలిపితే ఏమవుతుందో అని పొద్దున లేస్తూనే కాళ్లు వాటంతట అవే పరుగు తీసేవి. అంతకుముందు నాకు పొద్దున లేవడమంటేనే ఇష్టం ఉండేది కాదు.

ఇన్‌స్పెక్టరమ్మకు చూపించడానికి ఏదైనా అందమైనది తయారు చేయాలని టీచరు అంది. చలికాలం. పోట్లాట ముగిసిన నీళ్లను కాచి, చిక్కబరచి, రాత్రంతా చల్లటి గాలిలో వదిలేశాం. పొద్దున చూస్తే గిన్నె నిండా వేలెడేసి స్ఫటికాలు! అవతలి వేలు కనిపించేంత తేటగా, పలకలు తీరి, చేతిలో చల్లగా ఉన్నాయి. నా జన్మలో నేను చేసిన అందమైన వస్తువు అదొక్కటే. రుచి చూడవద్దని టీచరు చెప్పింది. చూశాం. చేదుగా, నాలుకకు చల్లగా తగిలింది. మాలో ఒకమ్మాయి ధైర్యం చేసి పెద్ద ముక్కే నమిలేసి, రాత్రంతా చెంబు పట్టుకుని పరిగెత్తి, మర్నాడు బడికి రాలేదు. ఆ లవణం దవాఖానల్లో దేనికి ఇస్తారో టీచరు అప్పుడు వివరించింది. ఇంకా ముందు చెబితే బాగుండేది.

కిటికీలో పెట్టిన స్ఫటికాలు కొద్ది రోజుల్లోనే తెల్లబారి పిండిలా రాలిపోయాయి. వాటి లోపల నీళ్లు దాగి ఉంటాయనీ, గాలికి ఆ నీళ్లు పోతాయనీ టీచరు చెప్పింది. అందుకని మిగిలినవాటిని వెడల్పు మూతి పచ్చడి సీసాలో వేసి, బిగుతుగా బిరడా కొట్టి, అలమరలో దాచాం. ఇక ఇన్‌స్పెక్టరమ్మ రావడమే తరువాయి అనుకున్నాం.

ఆమె రాలేదు. అదిగో ఇదిగో అంటూ చలికాలం పోయింది. ఎండలు ముదిరాయి. మా అలమర గోడకు అవతల వంటింటి పొయ్యి ఉందని మాలో ఒక్కరికీ తట్టలేదు. తీరా ఆమె వచ్చే రోజు పొద్దున సీసా తీస్తే, లోపల స్ఫటికాలు లేవు. నీళ్లున్నాయి. అడుగున సున్నంలాంటి తెల్లటి మడ్డి ఉంది. బిరడా మాత్రం బిగుతుగా అలాగే ఉంది.

"ఎవడు దొంగిలిచ్చిండే?" అంది మడికొండ పిల్ల.

ఎవరూ దొంగిలించలేదు. తమలో దాచుకున్న నీళ్లలోనే అవి వేడికి కరిగిపోయాయి.  టీచరు కొంచెం వేడినీళ్లు పోసి మడ్డిని కూడా కరిగించింది. తేటబడిన సీసాను మంచినీళ్ల కుండ రంజన్ కింది తడి ఇసుకలో పాతిపెట్టి, "చల్లబడితే మళ్లీ వస్తాయమ్మా, వస్తాయి" అంది. మాకు చెప్పిందో, తనకు చెప్పుకుందో.

సీసా చల్లబడింది. స్ఫటికాలు రాలేదు. మంచినీళ్లలా తేటగా, మమ్మల్ని వెక్కిరిస్తున్నట్టు నిలబడి ఉంది. ఊపడానికి కూడా భయపడ్డాం. అంతలో లేసు టీచరు తలుపు దగ్గరికి వచ్చి, కోపంగా కాదు, ప్రేమగానే చెప్పింది. "మీ అయిదుగురికి కుర్సీలు ఏసి పెట్టిన బిడ్డా. ఫికర్ జెయ్యకుండ్రి, మెల్లగ నేర్పుత." ఆ ప్రేమకు నాకు ఏడుపొచ్చింది.

ఇన్‌స్పెక్టరమ్మ హైదరాబాదు మనిషి. తెల్లచీర, బంగారు ఫ్రేము కళ్లజోడు. పెదవుల మీద పాన్ ఎరుపు తప్ప ఆమె ముఖంలో ఇంకే రంగూ లేదు. గది చుట్టూ చూసింది, బల్ల చూసింది, మిస్సమ్మగారు చెప్పిందంతా విన్నది. మా టీచరు తుడిచిన బల్లనే మళ్లీ తుడుస్తోంది. అందుకని నేనే సీసా తెచ్చి ఆమె ముందు పెట్టాను.

"గిది మేం జేసిన లవణం అమ్మా" అన్నాను.

ఆమె సీసా వైపు చూసింది. నా వైపు చూసింది. "గివి నీళ్లు గదా?"

"లవణమే అమ్మా."

"నీళ్లను లవణం అంటే ఎట్ల ఒప్పుకుంట?" అంటూ ఆమె బిరడా ఊడబీకి, చూపుడు వేలు లోపల ముంచింది.

వేలి కొసన తెల్లటి మొగ్గ ఒకటి కనిపించింది. దాంట్లోంచి సూదులు వచ్చాయి, ఆ సూదుల్లోంచి ఇంకా సూదులు వచ్చాయి. నాలుగు వైపులకూ, అడుగుకూ, అంచుకూ పరిగెత్తాయి. మేం నోరు తెరిచేలోగా సీసా అంతా తెల్లగా బిగుసుకుపోయింది. "అరె! అరెరె! గరమైతాంది!" అని ఆమె చెయ్యి పైకెత్తింది. చేతితో పాటు సీసా కూడా లేచింది.

నేను నవ్వాను. ఆపుకోవడం నా వల్ల కాలేదు. నన్ను చూసి మడికొండ పిల్ల, ఆ పిల్లను చూసి మిగతావాళ్లు. టీచరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్‌స్పెక్టరమ్మ వేలికి వేలాడుతున్న సీసాను చూసుకుంది. ఆ రంగు లేని ముఖం ఒక్కసారిగా పగలబడి, పాన్ పళ్లు బయటపడేలా నవ్వింది. తలుపు దగ్గర వంటామె మాత్రం నవ్వలేదు, నేను చెప్పలేదా అన్నట్టు మిస్సమ్మగారి వైపు చూసింది.

మెల్లగా వేలు ఊడదీసుకున్నాక ఆమె మళ్లీ గంభీరమైంది. సీసాను రెండు చేతుల్లో పట్టుకుని, ఆ వెచ్చదనం పోకుండా దాచుకుంటున్నట్టు నిలబడింది.

"చల్లని నీళ్లు ఎట్ల గట్టివడ్డయి? ఎందుకు గరమైనయి? చెప్పు" అని నన్ను అడిగింది.

నవ్వు ఎటుపోయిందో తెలియదు. నాకు జవాబు రాదు. టీచరుకు వచ్చు. కానీ అడిగింది నన్ను. మిస్సమ్మగారు నేల చూపులు చూస్తోంది. బయట హాల్లో మా కుర్చీలు వేసి ఉన్నాయి.

"నాకు తెలువదమ్మా" అన్నాను. "తెలువది గన్కనే ఈ క్లాసు గావాలంటాన్నం."

 ఆమె సీసాను బల్ల మీద పెట్టి, మిస్సమ్మగారి వైపు తిరిగింది.

"నాకు గూడ తెలువది మిస్ సాహెబ్. నాకు యాభై దాటినయి. నా చిన్నప్పుడు కుట్లు నేర్పిండ్రు, అల్లికలు నేర్పిండ్రు. గిసొంటి కమ్రలకు నన్ను ఎవ్వరూ రానియ్యలే." వేలికి అంటుకున్న తెల్లటి పలుకులు దులుపుకుంది. "క్లాసు నడుస్తది. కట్టెలు ఇంకో కాడ పెట్టుకోండ్రి."

టీచరు గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. ఇన్‌స్పెక్టరమ్మ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, మా బల్ల దగ్గరికి వచ్చింది.

"జర అటు జరుగుండ్రి" అంది మాతో. "ఇగ చెప్పు టీచరమ్మా. ఎందుకు గరమైనయి?"

మేం జరిగి ఆమెకు చోటిచ్చాం.